ఓబులేసు మోసిన తుపాకి

మొన్న ఒక పెద్దమనిషి మా ఆఫీసు బల్ల మీద పొడుగాటి పెట్టె ఉంచి మూత తెరవగానే ముందుగా నా ముక్కుకు తగిలింది కొత్త వార్నిష్ వాసన. అది తుపాకి వాసన కాదు, పెళ్ళికి అద్దెకు తెచ్చిన కుర్చీల దగ్గర వచ్చే వాసన. లోపల ఉన్నది నూరేళ్ళు దాటిన బోల్ట్ రైఫిలు, యూరప్‌లో ఏదో చిన్న కార్ఖానా వేటగాళ్ళ కోసం ఒక్కొక్కటిగా చేసిన రకం. చేతిపట్టు మీద ఎవరో ఓపిగ్గా చెక్కిన సన్నటి గళ్ళను గరుకు కాగితంతో సగానికి అరగదీసి, పైన అద్దంలా మెరిసే పూత పూసి, గొట్టానికి కొత్త నలుపు ఎక్కించి తెచ్చారు. నేను కట్టిన వెల చూసి ఆయన మొహం మాడ్చుకున్నాడు. కొత్తదానిలా ఉంది కదా అన్నాడు. కొత్తదానిలా ఉంది కాబట్టే వెల పడిపోయిందన్నాను. చూసేవాళ్ళు ఇంకెవరైనా, అంటే మగవాళ్ళెవరైనా, ఉన్నారా అన్నట్టు లోపలి గదిలోకి తొంగి చూశాడు. ఎవరూ లేరు. ఉన్నా ఆ అంకె మారదని చెప్పి, పెట్టె మూసి ఆయన వైపు జరిపాను.

పాత వేట తుపాకులకు వెల కట్టడం నా పని. దోహాలో ఈ పని చేసే ఆడవాళ్ళను నేనింకా చూడలేదు, తెలుగువాళ్ళను అసలే చూడలేదు. ఎక్కడ నేర్చుకున్నావని అడిగినవాళ్ళకు నేను రాసిన పరీక్షల పేర్లు చెప్పను. ఇదే ఊళ్ళో అల్ హిలాల్ పేటలో ఒక ఇంటి వంటమనిషి కూతుర్నని చెప్తాను. విన్నవాళ్ళలో కొందరు నవ్వుతారు, కొందరు మాట మారుస్తారు. నేను మాత్రం మార్చను. నాకు తెలిసిన విద్యంతా ఆ ఇంటి వెనక వాకిట్లో, వార్నిష్ ఎరుగని చెక్కకు పట్టించిన అవిసె నూనె వాసనలో మొదలైంది.

మా నాయన రాయచోటి పక్క పల్లె నుంచి ఇంటి డ్రైవరుగా వచ్చాడు. ఆయన యజమానిని ఇంట్లో పనివాళ్ళందరూ బాబా అనేవాళ్ళు కాబట్టి నాకు ఆయన ఎప్పటికీ బాబానే. అంత పెద్ద ఇంట్లో భార్య పోయిన మనిషి, వంట రుచి లేక కాఫీ మీద, ఖర్జూరాల మీద బతుకుతున్నాడని చూసి నాయన ధైర్యం చేసి మా అమ్మ సంగతి చెప్పాడట. బాబా తన పలుకుబడితో అమ్మకు వంటమనిషిగా వీసా తెప్పించి, అమ్మ కొంగు పట్టుకుని వచ్చిన నన్ను కూడా కాగితాల్లోకి ఎక్కించాడు. ఊళ్ళోవాళ్ళకు మేముండేది ఖతర్ అని ఎన్నిసార్లు చెప్పినా కువైటనే అనేవాళ్ళు. మాకిచ్చిన రెండు గదులు ఇంటి వెనక, ప్రహరీని ఆనుకుని, నీళ్ళ ట్యాంకు నీడలో ఉండేవి. ఎండాకాలంలో కుళాయి తిప్పితే కాగిన నీళ్ళు వచ్చేవి గనక అమ్మ ముందురోజే బకెట్లు నింపి ఏసీ గదిలో చల్లారబెట్టేది. గాలిలో తేమ ఎక్కువై కిటికీ అద్దాలు బయటివైపు చెమటలు కక్కేవి. ఉత్తరపు గాలి లేచిన రోజుల్లో తలుపు సందుల్లో తడిగుడ్డలు కుక్కినా సంగటి ముద్ద మీద సన్నటి దుమ్ము పడి పంటికింద కరకరలాడేది.

ఆ దుమ్ములోనే మా పండగలు. ఉగాదికి వేపపూత రోడ్డు పక్క చెట్ల నుంచి నాయన కారాపి కోసుకొచ్చేవాడు. బెల్లం దొరకని ఏడు అమ్మ ఖర్జూరాలు ఉడకబెట్టి, మెదిపి, ఏలకులు కొట్టి ఓళిగల్లో పూర్ణంగా పెట్టింది. బాబా వాటిని నేతిలో ముంచుకుని తిని, ఇక పప్పు పూర్ణం మళ్ళీ చేయొద్దన్నాడు. రంజాన్ వస్తే వాళ్ళ వంటింట్లో గోధుమలూ మాంసమూ కలిపి గంటలకొద్దీ ఉడికే హరీస్‌ను అమ్మ సంగటి కెలికే కట్టెతోనే కెలికేది. నెల మధ్యలో పిల్లలు గుడ్డసంచులు మెడకు తగిలించుకుని ఇంటింటికీ తిరిగి పప్పులూ మిఠాయిలూ అడుక్కునే గరంగావ్ రోజున బాబా మనవరాళ్ళతో పాటు నేనూ వెళ్ళేదాన్ని; నా సంచి అమ్మ పాత రవికగుడ్డతో కుట్టింది, అందరి సంచుల్లోకీ పెద్దది. మిగతా రోజుల్లో ఆ పిల్లలకు నేను తొక్కుడుబిళ్ళ నేర్పాను, ఖర్జూరం గింజలతో అచ్చంగాయలాట నేర్పాను, వాళ్ళు నాకు అరబ్బీలో తిట్లు నేర్పారు. చలికాలం వానలు పడ్డాక బాబా ఎడారిలో గుడారం వేయించి వారాల తరబడి అక్కడే ఉండేవాడు. తిరిగొచ్చేటప్పుడు ఇసుకలో తవ్వి తీసిన ఫగ్గా దుంపలు సంచితో తెచ్చేవాడు. అమ్మ వాటిని ఉర్లగడ్డలనుకుని మొదటిసారి ఎర్రకారం వేసి వేపుడు చేసింది. ఆ ఇంట్లో అవి ఎంత గొప్పవో తెలిసినవాళ్ళు గుండెలు బాదుకున్నారు. బాబా మాత్రం ప్లేటు రెండోసారి చాపాడు.

వయసులో ఆయన ఎడారిలో జింకలను వేటాడినవాడే. వేట మీద నిషేధాలు వచ్చాక ఒక్క తూటా కూడా పేల్చలేదు. బదులుగా పాత వేట తుపాకులు కూడబెట్టడం మొదలుపెట్టాడు. మజ్లిస్, అంటే వచ్చినవాళ్ళను కూర్చోబెట్టే పెద్ద గది, దాని వెనక ఇనుప తలుపుతో, కిటికీలు లేకుండా ఇంకో గది ఉండేది. ప్రభుత్వ అనుమతి కాగితాలు తలుపు పక్కన ఫ్రేము కట్టి వేలాడేవి. లోపల గోడల పొడుగునా నిలువుగా ఆనించిన తుపాకులు. అన్నీ ఒక జాతివే: పక్కనున్న పిడిని పైకెత్తి, వెనక్కి లాగి, ముందుకు తోసి, కిందికి వంచితే తూటా కూర్చునే రకం. అమ్మ వాటిని గడియ తుపాకులనేది. మా ఊళ్ళో తలుపు గడియ సరిగ్గా అట్లాగే పడుతుంది. ఆ పేరు విని నాయన నవ్వి బాబాకు చెప్తే, బాబా నవ్వకుండా ఒకటి చేతికి తీసుకుని గడియ తీసి, వేసి, అమ్మ చెప్పింది నిజమేనన్నాడట.

అమ్మ ఆ గదిలోకి మొదటిసారి వెళ్ళిన రోజు నాకు బాగా గుర్తు. బాబా లండన్‌లో ఏదో వేలంలో కొనుక్కొచ్చిన తుపాకి కడుపు భాగంలో, ఎడమచెయ్యి ఆనించే చోట, కత్తిమొనతో గీకిన గీతలున్నాయి. వేలంవాళ్ళు వాటిని గీతలుగానే లెక్కగట్టి ధర తగ్గించారు. బాబాకు అవి అక్షరాలని అనుమానం. మలయాళీ గుమాస్తాకు చూపిస్తే తనది కాదన్నాడు, తమిళ తోటమాలి తనదీ కాదన్నాడు. నాయన చూసి మాదేననుకుంటానని, తనకు చదువు అంతంతమాత్రమని, ఇంట్లోదాన్ని పిలుస్తానని అన్నాడు. పిండి చేతులు కొంగుకు తుడుచుకుంటూ అమ్మ వచ్చింది. వెనక నేను. మజ్లిస్‌లో ఉన్న ఇద్దరు అతిథులు ఆడవాళ్ళు లోపలికి వస్తున్నందుకు తలలు తిప్పుకున్నారు. అమ్మ ఎవరి వైపూ చూడలేదు. దీపం దగ్గర తుపాకిని బోర్లా తిప్పించి, వేలితో ఒక్కొక్క అక్షరం తడుముతూ చదివింది.

“ఇది మోసినది ఓబులేసు.”

అంతే ఉంది. ఊరు లేదు, ఇంటిపేరు లేదు. నాయన దాన్ని అరబ్బీలో చెప్పాడు. బాబా ఆ గీతల మీద అరచెయ్యి ఆనించి చూశాడు. తర్వాత తుపాకిని పక్కకు తిప్పి, పిడి దగ్గర బిగించిన చిన్న వెండిబిళ్ళ చూపించాడు. దాని మీద ఒక దొర పేరు అందంగా చెక్కి ఉంది. దొర పేరు వెండి మీద ఉంది, మోసినవాడి పేరు కడుపున ఉంది, కాల్చిన ప్రతిసారీ దొర అరచెయ్యి ఈ పేరు మీదే ఆనేదన్నమాట, ఆ సంగతి దొరకు ఎన్నడూ తెలిసి ఉండదు అని బాబా అన్నాడు. అని, ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. మా ఊరి వైపు ఇంటికొక ఓబులేసు ఉంటాడని అమ్మ చెప్పింది. అహోబిలం దేవుడి పేరు.

నా పేరు పద్మావతి. అరబ్బీలో ‘ప’ పలకదు కాబట్టి బాబాకు నేను బద్మాను. ఆ రోజు తర్వాత ఆయన మధ్యాహ్నపు నిద్ర లేచి కాఫీ తాగే వేళకు నన్ను పిలిపించేవాడు. ముందు చేతులు వెనక్కి కట్టుకోమనేవాడు. తుపాకిని పట్టుకునే ముందు చూడాలి. చూసేటప్పుడు చేతులకు పని ఉండకూడదు. గడియ మీద కొట్టిన నంబరూ ఒంటి మీద కొట్టిన నంబరూ ఒకటేనా? ఒకటి కాకపోతే అది రెండు తుపాకుల కలగలుపు. మరమేకుల తలల్లో గాడి శుభ్రంగా ఉందా, లేక ఎవడో తెలియనివాడు విప్పబోయి చెడగొట్టాడా? అక్రోటు చెక్క చేతి చెమటకు నల్లబడ్డ చోటు నిజంగా చెయ్యి పడే చోటేనా? ఇనుము మీది నీలం పూత మూలల్లో అరిగి బూడిదరంగు తేలితే మంచిదే, ఒరలోంచి తీసి పెట్టినందువల్ల అరిగింది. అంతటా ఒకేలా నల్లగా ఉంటే అనుమానించు. సైన్యం తుపాకిని కోసి, కురచ చేసి, వేట తుపాకిగా అమ్మేవాళ్ళుంటారు. చెక్క ఎంత బాగున్నా గొట్టం మీద కొట్టేసిన ముద్రల మచ్చలు వాళ్ళను పట్టిస్తాయి. చివరకు గడియ తీసేసి గొట్టాన్ని దీపానికి ఎత్తిపట్టి నా కన్ను ఆనించమనేవాడు. లోపల మెలికలు తిరిగిన గాడులు వెలుగులో మెల్లగా తిరుగుతున్నట్టు కనిపించేవి. ఆ వయసులో నేను చూసినవాటిలో అంత అందమైనది ఇంకోటి లేదు.

నూనెగుడ్డతో చెక్కను తుడవడం నా పని. దేన్నీ రుద్దకూడదు, దేన్నీ గోకకూడదు. కొత్తగా చేయడమంటే దాని బతుకును చెరిపేయడమని ఆయన మాట. అమ్మకు మొదట్లో ఇదంతా నచ్చలేదు. ఆడపిల్లకు తుపాకుల పనేంటని నాయనతో పోట్లాడింది. ఓబులేసు పేరు చదివింది తనే కాబట్టి, పోనుపోను మానేసింది.

బాబా పెద్దకొడుకు నాసర్ బయటి దేశంలో చదివి వచ్చి అల్ అజీజియాలో కొత్త ఇల్లు కట్టుకున్నాడు. చెడ్డవాడని చెప్పలేను. తొందర మనిషి. నడుస్తూ మాట్లాడేవాడు, మాట్లాడుతూనే చెయ్యి చాపేవాడు, చేతిలో ఎవరు ఏది పెట్టారో చూసేవాడు కాదు. గృహప్రవేశానికి వచ్చే పెద్దల ముందు కొత్త మజ్లిస్ గోడ నిండా తండ్రి తుపాకులు తళతళలాడుతూ వేలాడాలని ఆయన ఆశ. బాబాను చాలాసార్లు అడిగాడు. బాబా ప్రతిసారీ తీసుకుపో, కానీ పాలిష్ పట్టించొద్దు అనేవాడు. అక్కడే మాట ఆగిపోయేది.

ఆ ఎండాకాలం ఒక ఉదయం బాబాకు కాఫీ కప్పు చేతిలోంచి జారింది. మూతి ఒక పక్కకు వంగింది. నాయన ఆయన్ను ఎత్తుకుని కారు వెనకసీట్లో పడుకోబెట్టాడు. అమ్మ తడిగుడ్డ పట్టుకుని పరుగెత్తింది. ఆయన బాగున్న చేత్తో జేబు తడిమి, ఇనుప గది తాళంచెవి తీసి అమ్మ అరచేతిలో పెట్టి, వేళ్ళు మూశాడు. మాట రాలేదు. కారు వెళ్ళిపోయింది.

గృహప్రవేశం ముంచుకొస్తుండగా నాసర్ వచ్చాడు. వెంట పారిశ్రామికవాడ నుంచి పిలిపించిన వడ్రంగి, అతని చేతిలో చెక్క అరగదీసే మిషన్. నాసర్ వంటింటి గుమ్మంలో నిలబడి చెయ్యి చాపి, “యల్లా, మిఫ్తా” అన్నాడు. తాళంచెవి ఇమ్మని. అమ్మ కూర కెలుకుతూనే ఉంది.

“మాఫీ” అంది. ఇక్కడి అరబ్బీలో లేదు, కుదరదని. తర్వాత తనకొచ్చిన మూడు భాషలూ కలిపి, బాబా తన చేతికి ఇచ్చాడని, బాబా వచ్చాక బాబా చేతికే ఇస్తానని చెప్పింది.

ఇంట్లో ఎవరూ ఎన్నడూ ఆయనకు ఆ మాట చెప్పి ఉండరు. ముందు అర్థం కాలేదు, తర్వాత కోపమొచ్చింది. పోలీసులను పిలుస్తానన్నాడు, పిలవమంది. వీసాలు రద్దు చేయించి ముగ్గురినీ వచ్చే విమానం ఎక్కిస్తానన్నాడు. మా పాస్‌పోర్టులు ఆ ఇంటి బీరువాలోనే ఉండేవి, ఆ రోజుల్లో అందరివీ అట్లాగే ఉండేవి, కాబట్టి అది ఉత్త బెదిరింపు కాదు. నాయన మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి వచ్చి విషయం విని మంచం మీద కూలబడ్డాడు. ఊళ్ళో కట్టించిన గోడలకు ఇంకా కప్పు పడలేదు, నా బడి మధ్యలో ఉంది, ఆయన చెల్లెలి పురుడు రాబోతోంది.

“ఇచ్చేయి మే” అన్నాడు. “వాళ్ళ తుపాకులు, వాళ్ళ ఇల్లు. మనం నిలబడిన నేల గూడా వాళ్ళదే.”

“నేల వాళ్ళదే. చెయ్యి నాది” అంది అమ్మ. “ఆయప్ప దీంట్లో పెట్టి పోయినాడు. ఆయప్పకు గాక ఇంగెవురికీ ఇయ్యను.”

తర్వాత అమ్మ చేసిన పనిని నేను ఈ రోజుకీ అబ్బురంగా తలుచుకుంటాను. ఎవరూ చెప్పకముందే సూట్‌కేసులు దించి, మా బట్టలూ గిన్నెలూ దేవుడి పటాలూ సర్ది, ఒక్కొక్కటే ఈడ్చుకుంటూ పెద్ద ఇంట్లోకి తెచ్చి ఇనుప తలుపుకు అడ్డంగా పేర్చి, వాటి మీద కూర్చుంది. పంపాలనుకుంటే పంపమను, సర్దుకోవడానికి టైమిచ్చానని చెప్పే పని కూడా వాళ్ళకు లేకుండా చేశానంది. వంట వేళకు లేచి వంట చేసేది, వడ్డించి మళ్ళీ వచ్చి కూర్చునేది. ఆ వంట ఎప్పటికన్నా బాగుండేది. నేను బడి లేని రోజుల్లో అమ్మ పక్కనే సూట్‌కేసు అంచు మీద కూర్చుని లెక్కలు చేసుకున్నాను. కింద పాత తోలు, వెనక చల్లటి ఇనుము, సందుల్లోంచి సన్నగా అవిసె నూనె వాసన.

మిషన్ తెచ్చిన వడ్రంగి మళ్ళీ వచ్చాడు, ఈసారి ఒక్కడే, సాయంత్రానికి పని మొదలుపెట్టమని నాసర్ పంపగా. అమ్మను నాతో తెలుగులో మాట్లాడుతుండగా విని ఆగిపోయాడు. జగిత్యాల పక్క మనిషి, పేరు రాజన్న. ఇక్కడెందుకు కూర్చున్నావక్కా అని అడిగాడు. అమ్మ లోపల ఏముందో చెప్పింది. ఓబులేసు పేరు చెప్పింది. నీ మిషన్ దాని మీద ఒక్కసారి పోతే ఆ పేరు పోతుందని చెప్పింది. రాజన్న మిషన్ను నేల మీద పెట్టాడు.

“నేను కట్టిన బిల్డింగులల్ల నా పేరు ఏడ లేదక్కా” అన్నాడు. “ఆయిన రాసుకున్నడు. నేనెట్ల కొట్టేస్త?”

మిషన్ ఖరాబైందని, సామాను రావడానికి చాలా రోజులు పడుతుందని నాసర్‌కు ఫోనులో చెప్పి, అమ్మ పెట్టిన చెనిక్కాయ ఊరిబిండి పచ్చడి, సంగటి తిని వెళ్ళిపోయాడు. ఆయన్ను మళ్ళీ చూడలేదు. ఆ పని పోగొట్టుకున్నాడో, కంపెనీ చేత మాట పడ్డాడో మాకు తెలియలేదు. గృహప్రవేశం గోడ మీద తుపాకులు లేకుండానే జరిగింది.

బాబాను చక్రాల కుర్చీలో ఇంటికి తెచ్చినప్పుడు ఎండ తిరుగుముఖం పట్టింది. కుర్చీ తోస్తున్నది నాసరే. మజ్లిస్ దాటి వచ్చి సూట్‌కేసుల ముందు ఆగాడు. అమ్మ లేచి, బాబా బాగున్న చెయ్యి తెరిచి, తాళంచెవి పెట్టి, ఆయన తన వేళ్ళు మూసినట్టే మూసింది. ఒక్క ఫిర్యాదు చేయలేదు. చెప్పింది నాసరే: ఈమె దీన్ని నాకు కూడా ఇవ్వలేదు, అన్నాడు. ఆ గొంతులో కోపం ఎంతో ఆశ్చర్యమూ అంతే ఉంది. బాబా వంకర మూతితో ఒకే మాట అన్నాడు, “జైన్”. మంచిదని. తర్వాత సూట్‌కేసుల వైపు చూశాడు, కొడుకు వైపు చూశాడు, మళ్ళీ సూట్‌కేసుల వైపు చూశాడు. నాసర్ వంగి ఒకటి ఎత్తుకున్నాడు. తెల్లటి పొడుగు చొక్కా మోకాళ్ళ దగ్గర పట్టుకుని, వెనక వాకిలి దాటి, నీళ్ళ ట్యాంకు పక్కగా మా గది దాకా మోశాడు. ఇంకొకదానికి తిరిగొచ్చాడు. నాయన పరుగెత్తి అందుకోబోతే అమ్మ కళ్ళతోనే ఆపింది. అమ్మ మర్యాదకైనా వద్దనలేదు.

ఆ చలికాలం ఎడారిలో గుడారం లేదు. బాబా మాట పూర్తిగా రాలేదు గాని నా పాఠాలు ఆగలేదు. తుపాకిని నా ముందు పెట్టించి నేను చెప్పేది వినేవాడు. తప్పు చెప్తే కళ్ళు మూసుకునేవాడు, తెరిచే వరకూ మళ్ళీ వెతికేదాన్ని. మామిడికాయలు మార్కెట్లోకి రాకముందే పోయాడు. నాసర్ ఇల్లు మూసి, తుపాకులన్నీ ఒకే కొనుగోలుదారుకు ఇచ్చేశాడు. ఒక్కదానికీ పాలిష్ పట్టించలేదు. అది మాత్రం ఆయన ఖాతాలో వేస్తాను. మమ్మల్ని వదిలిపెట్టి, వేరే చోట చేరడానికి కాగితం ఇచ్చాడు. నాయనకు మరో ఇంట్లో డ్యూటీ దొరికింది, మేము అల్ తుమామాలో ఒక గదికి మారాం. నాయన పోయే వరకూ అక్కడే ఉన్నాం. ఇప్పుడు అమ్మ నాతోనే, అదే పేటలో ఇంకాస్త పెద్ద ఇంట్లో ఉంది.

ఈ పనిలో చేరిన కొత్తల్లో మా ఆఫీసు పెద్ద నాకొక పద్ధతి చెప్పాడు: చెక్క మీద గీకిన పేర్లు, గుర్తులు, గాట్లు, అన్నీ లోపాల కింద రాయాలి, ఒక్కో దానికీ వెల తగ్గించాలి. బజారు ఒప్పుకున్న పద్ధతి అదే. నేను రాయనన్నాను. కింద పడి పగిలింది లోపం, తుప్పు లోపం, వార్నిష్ లోపం. మనిషి పేరు లోపం కాదు. ఉద్యోగం పోతుందన్నాడు. అమ్మకు ఫోను చేసి చెప్తే, అడ్డం పెట్టుకోవడానికి సూట్‌కేసు ఉందా అని అడిగింది. ఉద్యోగం పోలేదు. ఆయన విసుగెత్తి ఊరుకున్నాడు. ఇప్పటికీ నా కాగితాల్లో పేర్లు పేర్లుగానే ఉంటాయి, ఏ భాషలో ఉన్నాయో, ఏం చెప్తున్నాయో రాసి ఉంటుంది. కొనేవాళ్ళు కొందరు వాటిని దాటేసి చదువుతారు. చదవకపోనీ. రాసి ఉంటుంది.

పోయిన శుక్రవారం అమ్మ అడిగిందని అల్ హిలాల్ తీసుకెళ్ళాను. ఇల్లు లేదు. ఆ స్థలంలో అద్దాల బాల్కనీల అపార్ట్‌మెంటు లేచింది, కింద మందుల దుకాణం, మంగలి షాపు. ఖర్జూరం చెట్లు లేవు, ప్రహరీ లేదు, మా రెండు గదులూ నీళ్ళ ట్యాంకూ ఉన్న చోట కార్లు నిలిపే నేలమాళిగకు దిగే దారి. రవికగుడ్డ సంచులతో తిరిగిన వీధిలో ఒక్క తలుపూ వీధిలోకి తెరుచుకుని లేదు. తొక్కుడుబిళ్ళ గీసిన రాళ్ళు ఎప్పుడో ఎత్తేశారు. అవిసె నూనె వాసన ఎక్కడి నుంచి వస్తుంది? అమ్మ అదంతా ఒకసారి చూసి, చూడాల్సింది అయిపోయిందన్నట్టు మూల మీది టీకొట్టులో కరక్ చాయ్ తాగుదామంది.

అక్కడ, కారులోకి చాయ్ తెప్పించుకుంటున్న ముసలాయన అద్దం దించి అమ్మనే చూస్తున్నాడు. గడ్డం తెల్లబడింది, పక్కసీట్లో చేతికర్ర. నాసర్. కష్టంగా దిగి వచ్చి, బద్మా వాళ్ళమ్మవు కదా అన్నాడు. నా ఉద్యోగం సంగతి ఆయనకు ఎవరో చెప్పారట. నిలబడే, కర్ర మీద ఆనుకునే, తండ్రి ఎప్పుడూ చెప్పే ఆ తెలుగు పేరున్న తుపాకిని తిరిగి కొనాలని కొన్నేళ్ళుగా వెతుకుతున్నానని చెప్పాడు. కొన్నవాడు దాన్ని ఎవరికో అమ్మేశాడు, ఆ ఎవరో ఇంకెవరికో. నా చేతుల మీదుగా ఎప్పుడైనా వెళ్తే తనకు చెప్పమన్నాడు. వెల నేను ఎంతంటే అంత. తండ్రి ఉన్నప్పుడు దాన్ని బోర్లా తిప్పి కూడా చూడలేదన్నాడు. ఆ చివరిమాట చెప్పేటప్పుడు ఎక్కడికీ నడిచిపోలేదు, చెయ్యి చాపలేదు.

నేను ఏదో మర్యాదగా చెప్పబోయాను. అమ్మ చాయ్ కప్పు నా చేతికిచ్చి ముందుకొచ్చింది.

“దొరికితే నీకు గాదు” అంది తెలుగులోనే. నన్ను అరబ్బీలో చెప్పమంది. “ఓబులేసు వాళ్ళకు ఇయ్యల్ల.”

నేను చెప్పాను. ఆయన కాస్త నవ్వి, వాళ్ళెవరో, ఏ ఊరివాళ్ళో ఎవరికి తెలుసు, ఎవరినని అడగాలి అన్నాడు.

“నువ్వు సదువుకున్నోడివి” అంది అమ్మ. “ఎతుకు.”

అదీ నేను అరబ్బీలో చెప్పాను. నాసర్ జేబులోంచి ఫోను తీసి నాకిచ్చి, ఓబులేసు అని తెలుగులో ఎట్లా రాస్తారో అందులో రాసివ్వమన్నాడు. రాసిచ్చాను. ఒక్కొక్క అక్షరం మీద వేలు ఆనించి, నోట్లోనే మెల్లగా పలుకుతూ, కారు దాకా నడిచి వెళ్ళాడు.